పందొమ్మిదో పేజీ

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చే వేళకి డిటెక్టివ్ బిస్కట్ ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాలు చదువుతోంది. బిస్కట్లు ఎప్పుడో అయిపోయాయి. చదవడమే అవలేదు.

ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన ప్రాణం ఆవిడది. మందు సీసా మీది చీటీ దగ్గర్నుంచి బస్సు టికెట్టు వెనక నిబంధనల దాకా, అచ్చులో ఉన్నది ఏదైనా సరే చివరి చుక్క వరకు చదివితే తప్ప చేతిలోంచి వదలదు. ప్రెస్సు మూతపడ్డాక, ఇస్త్రీ దుకాణం పైన గది తీసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. "తప్పులు పట్టడమేగా. కాగితాల్లో అయితేనేం, మనుషుల్లో అయితేనేం," అంది అప్పట్లో. సహాయకురాలు సొంత ఆడపడుచే. వదిన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే మనిషి.

వచ్చిన అమ్మాయికి ముప్పై రెండేళ్ళుంటాయి. ఒక అట్టపెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"నన్ను దొంగంటున్నారు మేడమ్. శుక్రవారం దాకా నోటితో అంటారు. ఆ తర్వాత కాగితం మీద రాస్తారు."

"ఇవాళ మంగళవారం. ఏం దొంగిలించావంటున్నారు?"

"నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం. నేను రాసిందే."

ఆడపడుచు నోట్‌బుక్‌లోంచి తలెత్తింది. "నీది నువ్వే ఎలా దొంగిలిస్తావమ్మా?"

"అదే నాకూ తెలియట్లేదండీ."

సంగతి ఇది. ఆ అమ్మాయి ఆరేళ్ళుగా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. విషయం, ఆసుపత్రుల్లో రోగులు ఎదురుచూసే హాళ్ళు. ఎవరు ఎంతసేపు కూర్చుంటారు, పక్కవాళ్ళతో ఏం మాట్లాడతారు, ఎవరిని ముందు పిలుస్తారు. "ఏ జబ్బూ లేకుండా ఆరేళ్ళు ఆసుపత్రిలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే," అని నవ్వబోయి మానేసింది. పోయిన వారం థీసిస్ సమర్పించింది. అక్కడ ప్రతి థీసిస్‌నీ అచ్చయిన రచనలతో పోల్చి చూసే మెషిన్ ఒకటుంది. నాలుగో అధ్యాయం నూటికి ఎనభై పాళ్ళు, పోయిన సెప్టెంబర్‌లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసంతో సరిపోయిందని అది చెప్పింది. ఆ వ్యాసం కింద రెండు పేర్లున్నాయి. మొదటిది ఆమె సీనియర్‌ది. రెండోది వాళ్ళిద్దరికీ గైడ్ అయిన ప్రొఫెసర్‌ది.

"మా సీనియర్ని అందరూ సంచి అంటారు మేడమ్. తొమ్మిదేళ్ళుగా ప్రొఫెసర్‌గారి సంచి మోస్తున్నాడు. అతనే ఎత్తుకెళ్ళుంటాడు. ఇంకెవరున్నారు?"

"ప్రొఫెసర్ ఏమంటారు?"

"నేను ఆ అధ్యాయం ఈ జనవరిలో ఇచ్చానంటున్నారు. జూన్ మూడో తారీఖున చేతికిచ్చానండీ. ఆయన కాగితమే తీసుకుంటారు, మెయిల్ చూడరు. పదిహేడున తిరిగిచ్చారు. నా కంప్యూటర్లో తేదీలు చూపిస్తే, అవి ఎవరైనా మార్చుకోవచ్చన్నారు విచారణ కమిటీవాళ్ళు. శుక్రవారం తప్పు నాదని తేలిస్తే రిజిస్ట్రేషన్ రద్దు. ఇంకెక్కడా కూడా చేరనివ్వరు."

"వ్యాసం చదివావా?"

"మొదటి పేజీ చదివా. మళ్ళీ ముట్టుకోలేదు."

"కమిటీ చదివిందా?"

"మెషిన్ ఇచ్చిన అంకె చదివారు."

డిటెక్టివ్ అట్టపెట్టె ముందుకు లాక్కుంది. "నేను చదువుతాను. టైము పడుతుంది."

"కూర్చుంటానండీ. ఎదురుచూడ్డం అలవాటే."

పెట్టెలో సమర్పించిన థీసిస్‌తో పాటు, ప్రొఫెసర్ దిద్ది తిరిగిచ్చిన పాత కట్టలు నాలుగున్నాయి. అధ్యాయానికి ఒకటి. ప్రతి పేజీ కింద కుడి మూల ఆకుపచ్చ సిరాతో ఒక టిక్కు. మొదటి మూడు కట్టల్లో టిక్కులతో పాటు అంచుల్లో సన్నటి పెన్సిల్ రాతలు కూడా ఉన్నాయి. 'ఈ ఆధారం చాలదు, ఇంకో పదిమందిని అడుగు.' 'ఇక్కడ నీ కోపం కనిపిస్తోంది, లెక్క కనిపించడం లేదు.' డిటెక్టివ్ వాటిని చదివి, మంచి వంట రుచి చూసినట్టు తల ఊపింది. నాలుగో కట్టలో మాత్రం పెన్సిల్ గీత ఒక్కటి లేదు. టిక్కులు, చివర ఒక మాట. 'బాగుంది. ధార చక్కగా ఉంది.'

తర్వాత పత్రికలోని వ్యాసం తీసింది. ముప్పావు గంట గడిచాక ఆవిడ ముఖం మజ్జిగలో ఈగని చూసినట్టయింది.

"ఏమైంది వదినా?"

"ఈ వాక్యం చదువు. పైకి చదువు."

ఆడపడుచు గొంతు సవరించుకుని చదివింది. "'నాలుగు గంటలకు పైగా ఎదురుచూసే వృద్ధులను రోజుకు రెండుసార్లు ఫినాయిలుతో తుడిచి, కిటికీలు తెరిచి ఆరబెడతారు.'" "ఏ ఆసుపత్రి వదినా ఇది?" అంది.

పరిశోధకురాలు కుర్చీలోంచి లేచి వచ్చి ఆ పేజీ చూసింది. చూసి, మెల్లగా మళ్ళీ కూర్చుంది. "పందొమ్మిదో పేజీ లేదు," అంది.

ఆ అమ్మాయే చెప్పింది. జూన్‌లో ప్రొఫెసర్‌కి ఇచ్చిన కట్టలో పందొమ్మిదో పేజీ పడలేదు. గేటు బయట జెరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించినప్పుడు ఒక కాగితం మెషిన్‌లోనే ఉండిపోయినట్టుంది. ఆయన తిరిగిచ్చాక చూసుకుంది. పద్దెనిమిది మీద టిక్కు, ఇరవై మీద టిక్కు, చివర్న ధార చక్కగా ఉందని మెచ్చుకోలు. తర్వాతి ప్రతులన్నిటిలోనూ ఆ పేజీ ఉంది.

"ఆయనకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను మేడమ్? మీరు చదవలేదని నాకు తెలిసిపోయిందనా? ఆయన సంతకం లేకపోతే నేను బయటపడను."

డిటెక్టివ్ థీసిస్‌లో ఆ పేజీ తీసింది. పద్దెనిమిది 'ఎదురుచూసే వృద్ధులను' అనే మాటతో ఆగుతుంది. పందొమ్మిది 'పేరు పెట్టి పిలిచిన సందర్భాలు పన్నెండే' అని అందుకుంటుంది. తర్వాత ఒక పెద్దాయన గురించి. తలుపు పక్క మూడో కుర్చీలో ఐదు గంటల పది నిమిషాలు కూర్చున్నాడు. టోకెన్ నంబర్ని నాలుగుసార్లు పిలిచారు. నాలుగోసారి పక్కావిడ భుజం తట్టి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది. పేజీ చివర 'ఆ కుర్చీలనూ బల్లలనూ' అని ఉంది. వాటిని ఫినాయిలుతో తుడిచే సంగతి ఇరవయ్యో పేజీది.

"ఈయన ఎవరమ్మా?"

"మా నాన్న. నేను మందుల చీటీ కోసం కిందికి వెళ్ళాను. ఆయన కోసమే ఆ విషయం తీసుకున్నాను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఆ వ్యాసంలో ఆయన్ని కూడా తుడిచేశారన్నమాట."

డిటెక్టివ్ వ్యాసాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పెట్టెలో పడేసి, వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది.

* * *

మర్నాడు పొద్దున వదినా ఆడపడుచూ యూనివర్సిటీకి వెళ్ళారు. ప్రొఫెసర్ గదిలోకి అడుగుపెట్టగానే ఆడపడుచు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. కిటికీలో ఐదు టీ కప్పులు, అందులో రెండింటిలో బూజు పచ్చగా మొలిచింది. కూలర్ కాలు కింద ఎవరిదో థీసిస్, బంగారు అక్షరాలు పైకి కనబడేలా. ప్రొఫెసర్ కాళ్ళు పెట్టుకున్నది మరో నాలుగు థీసిస్‌ల దొంతి మీద. డిటెక్టివ్ ఆ అట్టల మీద పేర్లన్నీ చదివింది.

"చూడండమ్మా, నాకు స్టూడెంట్సంటే సొంత పిల్లలతో సమానం," అన్నాడాయన, కాళ్ళు తీయకుండానే. "ఇద్దరు పిల్లలు ఒకే బొమ్మ కోసం కొట్టుకుంటే తండ్రి ఎవరి పక్షం వహిస్తాడు చెప్పండి?"

"బొమ్మ ఎవరిదో వాళ్ళ పక్షం. వ్యాసం మీద మీ పేరు కూడా ఉంది కదండీ."

"అది ఆనవాయితీ. మా స్టూడెంట్ ఏం రాసినా గైడ్ పేరుంటుంది."

"చదివే పెట్టారా పేరు?"

"అన్నీ చదువుతూ కూర్చుంటే పరిశోధన ఎప్పుడు చేసేది?"

"వ్యాసం పత్రికకి ఎవరు పంపారు?"

"మా వాడే పంపుంటాడు. డిపార్ట్‌మెంట్ మెయిల్ అందరిదీ. పాస్‌వర్డ్ గోడ మీదే ఉంది." నిజంగానే ఉంది. డిటెక్టివ్ అదీ చదివింది.

"ఈ అమ్మాయి నాలుగో అధ్యాయం ఎప్పుడిచ్చింది?"

"జనవరిలో. నోటిమాట కాదు, రికార్డుంది." సొరుగులోంచి ఒక రిజిస్టర్ తీసి గర్వంగా తోశాడు. స్టూడెంట్‌తో గైడ్ కూర్చుని మాట్లాడిన ప్రతిసారీ అందులో తేదీ వేసి సంతకం చేయాలి. నెలకి రెండు చొప్పున వరుసగా ఉన్నాయి. అన్నీ ఒకే సిరా, ఒకే వాలు. జూన్ పదిహేను, మూడో అధ్యాయం చర్చించాం. జూన్ ముప్పై ఒకటి, మూడో అధ్యాయం మళ్ళీ చర్చించాం. జనవరి ఎనిమిది, నాలుగో అధ్యాయం అందింది.

"జూన్ ముప్పై ఒకటిన బాగా చర్చించారా?" అంది డిటెక్టివ్.

"గంటసేపు."

ఆడపడుచు తలవంచుకుని ఆ జవాబుని అలాగే రాసుకుంది.

సంచి బయట వరండాలో, పాత నోటీసులున్న బోర్డు పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. భుజాన తోలుసంచి, చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ప్రొఫెసర్‌గారి చెప్పులు కుట్టించుకొచ్చిన పొట్లం.

"వ్యాసం మీదేనా?" అనడిగింది డిటెక్టివ్.

"నా పేరే ఉంది కదండీ."

"అది చదివాను. రాసింది మీరేనా?"

అతను చెప్పుల పొట్లం వైపు చూశాడు. "అచ్చయినవాటిలో నా పేరున్నది అదొక్కటే మేడమ్. తొమ్మిదేళ్ళకి ఒకటి. నన్నేం చెప్పమంటారు?"

"అందులో వృద్ధులకి ఏం చేస్తారని రాశారు?"

"వైద్యం," అన్నాడతను.

వరండా దాటాక ఆడపడుచు ఆగలేకపోయింది. "ఇంకేముంది వదినా, వీడే. తను రాసింది తనకే తెలీదు. పట్టుకెళ్ళి కమిటీకి అప్పజెప్పేద్దాం."

"తెలీదు కాబట్టే వీడు కాదేమో. దొంగకైనా తను తెచ్చిన సామానేంటో తెలుస్తుంది. పద, జెరాక్స్ దుకాణానికి."

* * *

గేటు బయట జెరాక్స్ దుకాణం అద్దం తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. '3-6 నుంచి ఈ మెషిన్ రిపేరులో ఉన్నది. పక్క మెషిన్ దగ్గర నిలబడండి.' ఆ మెషిన్ మాత్రం లోపల గడగడా తిరుగుతోంది.

"బాగైపోయి ఎన్నాళ్ళయింది?" అనడిగింది డిటెక్టివ్ దుకాణదారుని.

"ఎనిమిది తొమ్మిది నెలలవుద్దండి. ఆ వేళ కాగితం ఇరుక్కుని రోలరు విరిగింది. చీటీ పీకడానికి టైమేదీ? ఈ పిల్లలందరికీ రేపటికే కావాలి, ఆరేళ్ళూ ఏం చేశారో మరి."

డిటెక్టివ్ లోపలికెళ్ళి తలుపు మూసి, అద్దంలోంచి ఆ కాగితం వెనకవైపు చదివింది. వెనక ఏదో టైపు చేసిన పేజీ, మధ్యలో నలిగిన మడతలు. తాపీగా చివరిదాకా చదివి, "ఈ కాగితం నాకిస్తారా? మీకు కొత్తది రాసిపెడతాను, మెషిన్ బాగుందని," అంది.

"తీసుకోండి. మొదటిసారండీ, నా చేతిరాత ఎవరైనా అడగడం."

"ప్రొఫెసర్‌గారు వస్తుంటారా ఇక్కడికి?"

అతను నవ్వాడు. "ఆయనా? సంచిబాబు వస్తాడు. ఆయన స్వయంగా వచ్చింది ఒకే ఒక్కసారి. పోయినేడు, మొదటి వాన పడ్డ వారం. తన సంచి తనే మోసుకుంటూ వచ్చారు. మా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. రెండు గంటలు కూర్చుని పని చేయించుకున్నారు, మంచినీళ్ళు కూడా నన్నే తెమ్మన్నారు."

"సంచిబాబు లేడా అప్పుడు?"

"ఊళ్ళో లేడటండి."

ఆఖరికి వాళ్ళు వెళ్ళింది ప్రొఫెసర్ ఇంటికి. ఆయన క్లాసులో ఉన్న టైము చూసుకునే వెళ్ళారు. తలుపు తీసినావిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ముందు గదిలో కుర్చీలన్నీ కాగితాలతో నిండి ఉన్నాయట.

"ఆ అమ్మాయి బాగా రాస్తుందండీ," అంది ప్రొఫెసర్‌గారి భార్య, అడక్కుండానే. "అంటే, ఆయన అంటుంటారు. తను కాపీ కొట్టే పిల్ల కాదు."

ఫ్రిజ్ తలుపు మీద సరుకుల జాబితా ఉంది. సబ్బులు, బల్బు, ఉప్పు. కింద 'పాలు చాలవు, ఇంకో లీటరు చెప్పు' అని సన్నటి పెన్సిల్ రాత. డిటెక్టివ్ దాన్ని మామూలు కంటే ఎక్కువసేపు చదివింది.

"ఇల్లంతా మీరొక్కరే చూసుకుంటారా? పిల్లలు?"

"ఒకతే అమ్మాయండి, వేరే ఊళ్ళో ఉంటుంది. పోయిన జూన్‌లో ఇల్లు మారింది. ఒకటో తారీఖున వెళ్ళి పదహారు దాకా అక్కడే ఉన్నాను. ఆ సీనియర్ కుర్రాడే తోడొచ్చాడు పాపం. బీరువాలు, మంచాలు అన్నీ అతనే ఎత్తాడు. నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదు." ఆవిడ స్టవ్ తగ్గించింది. "డాక్టరేట్ చేస్తున్నాడు కదండీ."

అందులో వెటకారం ఉందో లేదో ఆడపడుచుకి అర్థం కాలేదు. వదిన మాత్రం ఆవిడ వంక మొదటిసారి సరదాగా చూసి, "శుక్రవారం మీరు కూడా రావాలండీ," అంది.

"నేనెందుకండీ? నేను ఇంట్లో మనిషిని."

"అందుకే."

* * *

శుక్రవారం కమిటీ గదిలో పొడవాటి బల్లకి ఒకవైపు కమిటీ అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు. రెండోవైపు ప్రొఫెసర్, వెనకాల నిలబడి సంచి. చివర పరిశోధకురాలు అట్టపెట్టెతో. గోడ పక్కన జెరాక్స్ దుకాణదారు, ప్రొఫెసర్‌గారి భార్య.

"త్వరగా ముగిద్దాం," అన్నాడు అధ్యక్షుడు. "వ్యాసం సెప్టెంబర్‌లో వచ్చింది. అధ్యాయం జనవరిలో ఇచ్చింది. ముందు వచ్చింది అసలు, తర్వాత వచ్చింది నకలు. ఇందులో డిటెక్టివ్‌కి పనేముంది?"

"చదివే పని సార్," అంది డిటెక్టివ్. "ఈ కేసులో అది ఎవరూ చేయలేదు. మీరు వ్యాసం చదివారా?"

"అవసరమైనంత చదివాను."

"అయితే పదకొండో పేజీలో రెండో పేరా పైకి చదవండి. ప్రొఫెసర్‌గారు చదివినా సరే, రచయిత కదా."

ప్రొఫెసర్ విసుగ్గా కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. వృద్ధుల్ని ఫినాయిలుతో తుడిచి ఆరబెట్టే దాకా ఒకే ధారలో చదివి, అక్కడ ఆగిపోయాడు. సభ్యుల్లో ఒకాయన నవ్వు దగ్గుగా మార్చుకున్నాడు.

"అచ్చుతప్పు," అన్నాడు ప్రొఫెసర్.

"కాదండీ. ఈ అమ్మాయి అధ్యాయంలో పద్దెనిమిదో పేజీ చివర వృద్ధులున్నారు. ఇరవయ్యో పేజీ మొదట్లో కుర్చీలు తుడవడం ఉంది. మధ్యలో పందొమ్మిది తీసేస్తే సరిగ్గా మీరు చదివిన వాక్యం వస్తుంది. ఈమె వ్యాసంలోంచి కాపీ కొట్టుంటే, ఆ పగులు సరిగ్గా తన పేజీ అంచుల దగ్గరే ఎందుకు పడుతుంది? కాపీ కొట్టింది వ్యాసం. అదీ పందొమ్మిదో పేజీ లేని కట్టలోంచి. అలాంటి కట్ట లోకంలో ఒక్కటే ఉంది."

పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆకుపచ్చ టిక్కులన్నీ కనబడేలా విప్పింది.

"ఈ టిక్కులు మీవేనా?"

"నావే. జనవరిలో పెట్టాను."

"సెప్టెంబర్‌లో అచ్చయినదానికి జనవరిలో వచ్చిన కట్ట ఎలా మూలమైంది?"

ప్రొఫెసర్ తను తెచ్చి బల్ల మీద పెట్టిన రిజిస్టర్ వైపు చూశాడు.

"అందులో జూన్ ముప్పై ఒకటి కూడా ఉంది సార్," అని ఆడపడుచు గుర్తుచేసింది. "గంటసేపు చర్చించారు."

డిటెక్టివ్ నలిగిన కాగితం ఒకటి తీసింది. "ఇది దుకాణం తలుపు మీద తొమ్మిది నెలలుగా ఉంది. ముందువైపు మెషిన్ రిపేరు అని వీరి చేతిరాత, జూన్ మూడు. వెనకవైపు పందొమ్మిదో పేజీ. ఆ రోజు మెషిన్‌లో ఇరుక్కుని రోలరు విరగ్గొట్టిన కాగితం ఇదే. అంటే ఈ అధ్యాయం జూన్ మూడున ప్రింటయింది. పత్రికవాళ్ళు వ్యాసం అందిన తేదీ మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. జూన్ పన్నెండు."

"దొంగతనం జరగలేదని నేనంటున్నానా?" అన్నాడు ప్రొఫెసర్, గొంతు మార్చి. "ఈ సంచిగాడు నా గదిలో తిరుగుతుంటాడు. కట్ట తీసుంటాడు. తొమ్మిదేళ్ళు సొంత కొడుకులా చూశాను, ఇదా ఫలితం?"

సంచి తల ఎత్తలేదు. పరిశోధకురాలు మాత్రం అతని వంక చూసి చూపు తిప్పేసుకుంది, ఏవగింపుతో.

"అతను తీసుండలేడండీ," అంది డిటెక్టివ్. "జూన్ ఒకటి నుంచి పదహారు దాకా మీ అమ్మాయి బీరువాలు మోస్తున్నాడు, వేరే ఊళ్ళో. మూడో తారీఖు నుంచి కట్ట మీ ఇంట్లో ఉంది, మీరు ఒంటరిగా ఉన్నారు. ఆ వారమే జీవితంలో మొదటిసారి మీ సంచి మీరే మోసుకుని జెరాక్స్ దుకాణానికి వెళ్ళారు."

"కాగితాలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించమన్నారండి," అన్నాడు దుకాణదారు. "ఒక్కటి కూడా తిప్పి చూసుకోలేదు."

"మూడేళ్ళలో ఒక్క వ్యాసమైనా పత్రికకి పంపకపోతే మీ గైడ్ హోదా పోతుంది. గడువు ఆ జూన్ నెలాఖరు. మీ గది బయట నోటీసు బోర్డు మీదే ఉంది, నేను చదివాను. ఇతని పేరు ముందు పెడితే రెండు పనులవుతాయి. తొమ్మిదేళ్ళ చాకిరీకి మీరేదో ఇచ్చినట్టూ ఉంటుంది, రేపు బయటపడితే దొంగ ఇతనవుతాడు. ఇవాళ అయినట్టు." డిటెక్టివ్ సంచి వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"అచ్చయ్యాక," అన్నాడతను. "మోసినవాటిలో ఇదొకటి అనుకున్నాను. ఆ అమ్మాయిదని మొదటి పేజీలోనే తెలిసింది. నోరు మూసుకున్నాను."

"ఒక్క సందేహం," అన్నాడు అధ్యక్షుడు. "మిగతా మూడు అధ్యాయాలు చాలా శ్రద్ధగా దిద్దారు. పెన్సిల్ రాతలు చూశాను. అలాంటి మనిషి నాలుగోదాన్ని పేజీ పోయినా చూసుకోలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు."

"టిక్కులు పెట్టిన చెయ్యి వేరు, పెన్సిల్ పట్టిన చెయ్యి వేరు సార్," అంది డిటెక్టివ్, గోడ వైపు చూస్తూ.

ప్రొఫెసర్ భార్య లేచి నిలబడింది. భర్త వంక చూడలేదు.

"ఇరవై నాలుగేళ్ళుగా నేనే చదువుతున్నానండీ. ఈయనకి సన్నక్షరాలు ఆనవని మొదలుపెట్టాను. పదకొండు మంది డాక్టర్లయ్యారు. ఆ జూన్‌లో నేను ఊళ్ళో లేను." ఆవిడ గొంతు కూరలవాడితో మాట్లాడినంత మామూలుగా ఉంది. "ఉంటే, పందొమ్మిదో పేజీ ఏదని అడిగేదాన్ని."

"నువ్వు ఇంటికి పద," అన్నాడు ప్రొఫెసర్.

"తాళంచెవి మీ దగ్గరుందిగా. వెళ్ళండి," అందావిడ, కూర్చుంటూ.

సంచి భుజం మీంచి తోలుసంచి దించి బల్ల మీద పెట్టాడు. అందులోంచి చివికిన నోట్‌బుక్ ఒకటి తీసుకున్నాడు, తనదే అయ్యుంటుంది. పరిశోధకురాలి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆమె అట్టపెట్టె మూత సర్దుకుంది. గొడుగు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, అధ్యాయం ఆ అమ్మాయిదేనని, వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాల్సిందిగా పత్రికకి రాస్తామని, ఆమెకి వేరే గైడ్‌ని ఇస్తామని చెప్పి ఫైలు మూయబోయాడు.

"ఇంకొకటి సార్," అంది డిటెక్టివ్. "ఆ వ్యాసాన్ని ఇప్పటికే ఒకరు తమ రచనలో ఉదహరించారు. వృద్ధుల శుభ్రత పట్ల ఆసుపత్రుల శ్రద్ధ ప్రశంసనీయం అని, ఫినాయిలు వాక్యాన్నే ఎత్తి రాశారు. పోయిన నెల వచ్చింది, అరవై ఒకటో పేజీ అడుగున. దాన్ని కూడా వెనక్కి తీసుకోవాలేమో, మీరే చెప్పాలి. అది మీదే కాబట్టి."

బయటికొచ్చాక డిటెక్టివ్ కుళాయి కనబడిన చోటల్లా ఆగి చేతులు కడుక్కుంది. మూడో కుళాయి దగ్గర ఆడపడుచు, "చాలు వదినా, తోలు ఊడుతుంది," అంది.

"పదకొండు మందిని డాక్టర్లని చేసినావిడ ఫ్రిజ్ మీద పాలు చాలవని రాసుకుంటోంది. ఆవిడ రాసినదానికి కింద టిక్కు పెట్టినాయన కాళ్ళ కింద నాలుగు థీసిస్‌లేసుకుని కూర్చున్నాడు. ఆ గది వాసన ఇంకా పోలేదు."

మే నెలలో అట్టపెట్టెకి బదులు బైండు చేసిన పుస్తకం ఒకటి వచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ప్రొఫెసర్ సెలవు మీద ఉన్నారని, సెలవు ఎన్నాళ్ళో ఆయనకే తెలియదని ఆడపడుచు అప్పటికే కనుక్కుంది. కృతజ్ఞతల పేజీలో గైడ్ పేరుండాల్సిన చోట, పెన్సిల్‌తో దిద్దినావిడకి అని ఉంది.

డిటెక్టివ్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టలేదు. అది ఆవిడ పద్ధతి కాదని ఆడపడుచుకి తెలుసు, అందుకే ఆశ్చర్యంగా చూసింది. నేరుగా నాలుగో అధ్యాయం తీసి, కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ వెళ్ళి ఒకచోట ఆగింది. తలుపు పక్క మూడో కుర్చీలో పెద్దాయన ఐదు గంటల పది నిమిషాలు కూర్చునే ఉన్నాడు. ఈసారి టోకెన్ నంబరు పక్కన ఆయన పేరు కూడా ఉంది.

"ఎలా ఉంది వదినా?"

"ఉంది," అంది డిటెక్టివ్. అప్పుడు మొదటి పేజీకి వచ్చి, అట్ట లోపల బైండరు అతికించిన చీటీ నుంచి చదవడం మొదలుపెట్టింది.